యంత్రపు సలహా – నర్సమ్మ నిర్ణయము

ఇరువది సంవత్సరముల క్రిందట గ్రామ ఆరోగ్య ఉపకేంద్రమునకు వెళ్ళినవారికి ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు వ్రేలాడు టీకాల పట్టిక, రక్తపు పోటు కొలుచు పెట్టె, దొంతరగా పేర్చిన రిజిస్టర్లు కనిపించెడివి. నర్సమ్మ రోగి చేయి పట్టి చూచి, నాలుగు ప్రశ్నలడిగి, తన వద్దనున్న మందిచ్చెడిది. లేదా "పెద్దాసుపత్రికి తీసికొని పొండి" అని చెప్పెడిది. నేడు అనేక కేంద్రములలో ఆ బల్లమీద పలకవంటి ట్యాబ్ ఒకటి చేరినది. ఆమె ప్రశ్న అడుగును, జవాబును అందులో నమోదు చేయును, కొలతలను ఎక్కించును. కొన్ని సాధనములలో మరుక్షణమే తెరమీద "ఈ రోగికి ఈ ప్రమాదము కలదు, ఇట్లు చేయుడు" అను సలహా కూడ వచ్చును.

ఈ మార్పును చూచి గ్రామస్థులు రెండు విధములుగ మాటలాడుకొనుట కలదు. "ఇక నర్సమ్మకు ఏమియు తెలియనక్కరలేదు, అంతయు యంత్రమే చెప్పును" అని కొందరందురు. "యంత్రమును చూచి మందిచ్చు ఆమెది వైద్యమేమి వైద్యము?" అని మరికొందరందురు. మొదటిది మెచ్చుకోలు వలెను, రెండవది నింద వలెను తోచును. కాని ఆలోచించి చూచినచో రెండును ఒకే మాట. రెంటియందును నర్సమ్మ లేదు; యంత్రమే యున్నది.

ఇరువది యేండ్లు ఎండలో వానలో ఇల్లిల్లు తిరిగి, కాన్పులు చూచి, టీకాలు వేసి, ఊరి నమ్మకమును సంపాదించుకొన్న మనిషికి ఈ మాట ఎట్లుండును? ఆమె పనిపై దీని ప్రభావమేమి? చివరకు మన బిడ్డల ఆరోగ్యముపై దీని ప్రభావమేమి? పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట అవసరము. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు. కావున ఇది వైద్యశాఖవారి సంగతి మాత్రమే యని మనము ఊరకుండరాదు.

ఈ సాధన మేమి చేయును?

వైద్య నిర్ణయ సహాయక సాధనమనగా రోగిని గూర్చిన వివరములను తీసికొని, వానిని వైద్యశాస్త్ర నియమములతో సరిపోల్చి, ఏమి చేయదగునో సూచించు ఏర్పాటు. అది ట్యాబులో ఉండవచ్చును, సెల్ ఫోనులో ఉండవచ్చును, పెద్ద ఆసుపత్రిలోని కంప్యూటరులో ఉండవచ్చును.

ఒక ఉదాహరణమును చూతము. దగ్గుతో బాధపడు బిడ్డను తల్లి తెచ్చినది. బిడ్డకు న్యుమోనియా ఉన్నదా, సాధారణమైన జలుబేనా యని తేల్చవలెను. దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పద్ధతి ఒకటి కలదు. బిడ్డ ఏడ్వకుండ నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక పూర్తి నిమిషముసేపు ఊపిరులను లెక్కించవలెను. రెండు నెలలలోపు పసికందునకు నిమిషమునకు 60 గాని అంతకు మించి గాని, రెండు నెలలనుండి ఏడాదిలోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, ఏడాదినుండి అయిదేండ్లలోపు బిడ్డకు 40 గాని అంతకు మించి గాని ఉన్నచో ఊపిరి వేగముగా ఉన్నట్లు లెక్క. బిడ్డ డొక్కలెగరవేయుచున్నాడా, పాలు త్రాగలేకున్నాడా, త్రాగినదంతయు కక్కుచున్నాడా, మూర్ఛ వచ్చినదా, మత్తుగా పడియున్నాడా యని కూడ చూడవలెను. ట్యాబ్ ఈ ప్రశ్నలను వరుసగా అడుగును. ఒక్కటియు మరువనీయదు. జవాబులను బట్టి "ఇంటివద్ద చూచుకొనవచ్చును" అనియో, "ఈ మందు ఇన్ని రోజులు" అనియో, "వెంటనే ఆసుపత్రికి పంపుడు" అనియో తెలుపును.

ఇందులో గ్రహింపదగిన దొకటి కలదు. బిడ్డ ఊపిరులను లెక్కించినది యంత్రము కాదు, నర్సమ్మ. డొక్కలను చూచినది ఆమె కన్ను. పని తొందరలో లెక్కింపక ఉజ్జాయింపుగా 35 అని వ్రాసినచో, యంత్రము ఆ 35ను నమ్మి తప్పుడు సలహాయే ఇచ్చును. గింజ పుచ్చిపోయినచో ఎంత మంచి మరయైనను మంచి పిండి నీయలేదు.

ఇట్టి సాధనములు రెండు తెగలు. నిపుణులు వ్రాసిన నియమముల ప్రకారము నడచునవి మొదటి తెగ. పైన చెప్పినది అట్టిది. లక్షల కొలది పాత రోగుల వివరములనుండి, చిత్రములనుండి తామే పోలికలను గ్రహించి చెప్పునవి రెండవ తెగ. వీనిని కృత్రిమ మేధ యందురు. మొదటి తెగవి "ఎందువలన ఇట్లు చెప్పితివి?" అని విచారించిన చూపగలవు. రెండవ తెగవానికి అది అనేక పర్యాయములు సాధ్యము కాదు. నర్సమ్మ రోగికి కారణము చెప్పవలసినదే గనుక ఈ భేదము ముఖ్యమైనది.

ఇది నిన్నటి ఊహ కాదు

ఈ ఆలోచనకు అర్ధశతాబ్ది దాటిన చరిత్ర కలదు. ఇంగ్లండులోని లీడ్సు నగరమున డీ డొంబాల్ అను వైద్యుడును ఆయన సహచరులును తీవ్రమైన కడుపునొప్పితో వచ్చిన 304 మంది రోగుల విషయమున కంప్యూటరును పరీక్షించి, 1972లో ఫలితములను ప్రకటించిరి. కంప్యూటరు నిదానించినది నూటికి 91.8 పాళ్ళు సరిపోయినది. ఆ రోగులను చూచిన వైద్యులలో పెద్దవారి నిదానము నూటికి 79.6 పాళ్ళు సరిపోయినది. ఇది విని ఆనాడే "ఇక వైద్యులెందుకు?" అన్నవారుండవచ్చును. కాని 1974లో వారే మరియొక సంగతిని వెల్లడించిరి. ప్రయోగము జరిగినంతకాలము వైద్యుల సొంత నిర్ణయములు కూడ మెరుగుపడినవి. ప్రయోగము ముగిసిన పిమ్మట మరల తగ్గినవి. ప్రశ్నలన్నియు క్రమముగా అడిగి, జాగ్రత్తగా నమోదు చేసి, తమ నిర్ణయము సరియైనదో కాదో వెంటనే తెలిసికొనుటవలన మనుష్యుడే పదునెక్కెనన్నమాట.

1990 దశకమున ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్ సంస్థయు కలిసి చిన్నపిల్లల జబ్బులకు సమగ్ర చికిత్సా పద్ధతిని రూపొందించినవి. భారతదేశమున నవజాత శిశువులను కూడ చేర్చి ఈ పద్ధతిని అమలు చేసిరి. రంగుల గడులతో నుండు ఆ పుస్తకమును చాలమంది నర్సమ్మలెరుగుదురు: గులాబిరంగు గడి వచ్చినచో పంపవలెను, పసుపు వచ్చినచో మందీయవలెను, ఆకుపచ్చ వచ్చినచో ఇంటివద్ద చూచుకొనవలెను. నేటి ట్యాబులలో కొన్ని ఆ పుస్తకమే తెరమీదికెక్కిన రూపము. ప్రభుత్వపు ఈ-సంజీవని దూరవైద్యమునందు కూడ నిర్ణయ సహాయక సాధనము చేర్చబడినది.

వృత్తి గౌరవమునకు మూడు స్తంభములు

"నేను నర్సును" అని ఒకామె తలయెత్తి చెప్పుకొనుటకు ఆధారమేమి? జీతము మాత్రమే కాదు. తెల్లచీర మాత్రమే కాదు. మూడు స్తంభములపై ఆ గౌరవము నిలిచియున్నది. మొదటిది చేతి నేర్పు: సూది వేయుట, నాడి చూచుట, గర్భిణి పొట్టపై చేయుంచి బిడ్డ ఉన్న తీరును గ్రహించుట. రెండవది వివేచన: ఈ రోగికి ఇప్పుడేమి కావలెనో ఆలోచించి నిర్ణయించుట. మూడవది ఊరి నమ్మకము: ఆమె చెప్పిన మాటను జనులు వినుట.

ఈ గౌరవము కాలముతోపాటు మారుచునే వచ్చినది. ఏ.ఎన్.ఎం. అనగా సహాయ నర్సు మంత్రసాని. కాన్పులు చేయుట ఆమె ముఖ్యవృత్తి. 1973లో కర్తార్ సింగ్ సంఘము సిఫారసు చేసిన పిదప ఆమె బహువిధ ఆరోగ్య కార్యకర్తగా మారినది. టీకాలు, కుటుంబ నియంత్రణ, మలేరియా, లెక్కలు అన్నియు ఆమె నెత్తిమీదికి వచ్చినవి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకము క్రింద ఆశా కార్యకర్తలు వచ్చిరి. 2018నుండి ఉపకేంద్రములలో మధ్యస్థాయి ఆరోగ్యాధికారులు చేరిరి. ఆంధ్రప్రదేశమున అట్టి కేంద్రములను విలేజ్ హెల్త్ క్లినిక్కులుగను, తెలంగాణమున పల్లె దవాఖానాలుగను జను లెరుగుదురు. ప్రతి మార్పునందును "నా పనియేది? ఎదుటివారి పనియేది?" అను ప్రశ్న పుట్టినది. ఇప్పుడు ఆ ప్రశ్న మనుష్యుల మధ్య కాక, మనిషికిని యంత్రమునకును మధ్య పుట్టినది.

క్రొత్త పనిముట్టు వృత్తిని చంపునని భయపడనక్కరలేదు. 1816లో ఫ్రాన్సు దేశమున లెనెక్ అను వైద్యుడు స్టెతస్కోపును కనిపెట్టెను. నేడు వైద్యుని బొమ్మ గీయుమన్నచో పిల్లవాడు మొట్టమొదట గీయునది ఆ గొట్టమునే. పనిముట్టు వృత్తికి చిహ్నమైనది. ఏలయన స్టెతస్కోపు శబ్దమును వినిపించినదే గాని, దాని అర్థమును చెప్పలేదు. అర్థము చెప్పు పని వైద్యునికే మిగిలినది. నేటి సాధనము అర్థమును కూడ చెప్పుచున్నది. క్రొత్త చిక్కు ఇక్కడనే యున్నది.

సాధనము బలము నిచ్చు విధము

మొదట మేలును చూతము. టాంజానియా దేశమున 40 ఆరోగ్య కేంద్రములలో జరిగిన ఒక పరిశీలనఫలితములు 2024లో ప్రకటింపబడినవి. కొన్ని కేంద్రములలోని కార్యకర్తలకు చిన్నపిల్లల చికిత్సలో సలహా నిచ్చు ట్యాబులను, కొన్ని చిన్న పరీక్షా పరికరములను, శిక్షణను ఇచ్చిరి. మిగిలిన కేంద్రములలో మామూలు పద్ధతియే సాగినది. మామూలు కేంద్రములలో నూటికి 70 సంప్రదింపులలో యాంటీబయాటిక్ మందులు వ్రాయబడగా, ట్యాబులున్నచోట నూటికి 23 సంప్రదింపులలో మాత్రమే వ్రాయబడినవి. అయినను ఏడవ రోజున కోలుకొనని బిడ్డల సంఖ్య రెండుచోట్లను ఇంచుమించు సమానముగానే యుండెను. అనగా అనవసరపు మందు తగ్గినది. బిడ్డలకు కీడు కలుగలేదు.

ఇందులో వృత్తి గౌరవమునకు సంబంధించిన సూక్ష్మమొకటి కలదు. మందు అవసరము లేనప్పుడు "మందు వద్దు" అనుట కార్యకర్తకు ఎంత కష్టమో మన కెరుకయే. తండ్రి కోపగించును, "ఇంతదూరము వచ్చితిమి, సూదియైనను వేయవా?" అనును. అట్టి సమయమున లెక్క ప్రకారము వచ్చిన సలహా ఆమెకు అండగా నిలువగలదు. "చూడుడయ్యా, ఊపిరి ఇన్ని మారులే యున్నది, హద్దు ఇంత, బిడ్డకు సూది అక్కరలేదు" అని ధైర్యముగ చెప్పగలదు. క్రొత్తగా చేరిన కార్యకర్తకు, ఒంటరిగా కొండగూడెమున పనిచేయు కార్యకర్తకు ఈ అండ మరింత విలువైనది. తాను తెలిసికొన్నదానిని రుజువు చేసికొని, తెలియనిదానిని నేర్చుకొనుటకు అది గురువు వలె ఉపయోగపడును.

సాధనము బలము తీయు విధము

ఇక కీడును కూడ దాచక చెప్పుకొందము. అలవాటు తప్పిన చేయి మొద్దువారును. పోలెండు దేశమున నాలుగు కేంద్రములలో, పెద్దప్రేగును కెమెరా గొట్టముతో పరీక్షించు అనుభవజ్ఞులైన వైద్యులకు కృత్రిమ మేధ సహాయము నిచ్చిరి. కాన్సరుగా మారగల చిన్న కంతులను అది తెరమీద చూపును. ఆ సాధనము రాకముందు వైద్యులు తామే చేసిన పరీక్షలలో నూటికి 28.4 మందియందు అట్టి కంతులను గుర్తించిరి. సాధనమునకు అలవాటు పడిన పిమ్మట, అది లేకుండ చేసిన పరీక్షలలో నూటికి 22.4 మందియందే గుర్తించిరి. 2025లో ప్రకటింపబడిన ఈ పరిశీలన ఒక్కదానితో తుది తీర్పు చెప్పరాదు. ఇతర కారణములును ఉండవచ్చును. అయినను హెచ్చరికగా తీసికొనదగినది. పెద్ద వైద్యులకే ఇట్లైనచో, విద్యుత్తు పోయి ట్యాబ్ ఆరిపోయిన రాత్రి మన నర్సమ్మ సంగతి యేమి?

రెండవ కీడు విసుగు. సాధనము ప్రతి చిన్న విషయమునకు హెచ్చరిక చేసినచో మనిషి వినుట మానును. ఆసుపత్రులలో మందులను గూర్చి కంప్యూటరు చేయు హెచ్చరికలలో నూటికి 49నుండి 96 వరకు వైద్యులు త్రోసిపుచ్చుచున్నారని 2006లో ప్రకటింపబడిన ఒక సమీక్ష తెలిపినది. "నాన్నా పులి" కథ మన మెరిగినదే. నిజముగ పులి వచ్చిననాడు కేక వినువారుండరు.

మూడవ కీడు కన్ను తెరవైపు మరలుట. రోగి బాధ చెప్పుకొనుచుండగా కార్యకర్త తల వంచి గడులు నింపుచున్నచో, "ఈమె నా మాట వినుటలేదు" అని రోగి తలచును. వృత్తికి మూడవ స్తంభమైన నమ్మకము అక్కడ బీటవారును.

నాలుగవది అన్నిటికంటె లోతైనది. సలహా చెప్పు సాధనమే పనివారిపై కాపలా కాయు సాధనముగ కూడ మారవచ్చును. ఎన్ని నమోదులు చేసితివి, ఏ వేళకు చేసితివి, ఎచ్చట నుండి చేసితివి యని అదే ట్యాబు లెక్క కట్టినచో, కార్యకర్త దానిని తోడుగా గాక, పైఅధికారి కన్నుగా చూచును. అప్పుడు సంఖ్య నిండుట ముఖ్యమై, రోగి నిమిత్తమాత్రమగును. ఊపిరులు లెక్కింపకయే 35 అని వ్రాయుట అక్కడనుండియే మొదలగును. నర్సమ్మ గుమాస్తాగా మారినచో నష్టము ఆమె ఒక్కదానిది కాదు.

పశ్చిమ గోదావరి నేర్పిన పాఠము

మన తెలుగునాట జరిగిన ప్రయోగ మొకటి పంచాయతీ సభ్యులందరును తెలిసికొనదగియున్నది. జార్జి ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధన సంస్థవారు, 2022 పునర్విభజనకు పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చిరి. నలుబది యేండ్లు నిండినవారి రక్తపు పోటు మొదలగువానిని ఆశా కార్యకర్తలు ఇంటివద్దనే కొలిచి, గుండెపోటు, పక్షవాతముల ప్రమాదము ఎక్కువగా ఉన్నవారిని ఆ సాధనము సహాయమున గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుట ఏర్పాటు. అక్కడి వైద్యునికిని అట్టి సాధనమే సలహా నిచ్చును. ఫలితములు 2019లో ప్రకటింపబడినవి.

ఆశా కార్యకర్తలు ఈ పనిని చేయగలిగిరి. అంతవరకు ముఖ్యముగా గర్భిణులకు, పసిబిడ్డలకు సంబంధించిన వారి పని పెద్దల గుండె జబ్బుల వరకు విస్తరించినది. ఇది వారి వృత్తికి వచ్చిన పెంపు. కాని ప్రమాదమెక్కువగా ఉన్నవారిలో రక్తపు పోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్య, సాధనమున్న కాలమునకును లేని కాలమునకును చెప్పుకోదగినంతగా మారలేదు. ఒకచోట నూటికి 41, మరియొకచోట నూటికి 39.

దీనిని సాధనపు ఓటమి యనరాదు. కార్యకర్తల ఓటమి యనుట అంతకంటె అన్యాయము. రక్తపు పోటు తగ్గవలెనన్న కనుగొనుట మొదటి మెట్టు మాత్రమే. పిదప రోగి వైద్యుని వద్దకు పోవలెను, వైద్యుడుండవలెను, మందు నెలనెలా దొరకవలెను, రోగి దానిని మానక మ్రింగవలెను. ఈ మెట్లలో ఏ ఒక్కటి లోపించినను తెరమీది సలహా తెరమీదనే యుండును. పోటు ఉన్నదని చెప్పి మందీయలేని కార్యకర్తను ఊరివారు రెండవసారి నమ్మరు. కావున ఆమె గౌరవము మందుల బీరువాతో కూడ ముడివడియున్నది.

వాగు సంగతి యంత్రమునకు తెలియదు

ఒక సన్నివేశమును ఊహించుకొందము. శ్రావణమాసము. మూడేండ్ల బిడ్డను దగ్గుతో తల్లి సాయంకాలము కేంద్రమునకు తెచ్చినది. ఊపిరులు నిమిషమునకు 38. డొక్కలెగురుట లేదు. ట్యాబ్ చెప్పినది: "న్యుమోనియా కాదు. ఇంటివద్ద చూచుకొనుడు. ఊపిరి వేగము హెచ్చినచో వెంటనే తీసికొని రండు." నర్సమ్మ బిడ్డను మరల చూచినది. నిన్న చూచినప్పటికంటె బిడ్డ నీరసించినాడు. హద్దు 40, బిడ్డ 38. వారి ఇల్లు వాగు కావల నున్నది. పైన వాన కురియుచున్నది. రాత్రికి వాగు పొంగును. "వెంటనే తీసికొని రండు" అన్న మాట ఆ తల్లి విషయమున అర్థము లేనిది. ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో ఫోనులో మాటలాడి, బిడ్డను రాత్రికే అక్కడకు పంపినది.

అప్పుడు సర్పంచి, "ఏమమ్మా, యంత్రము అక్కరలేదన్నదట గదా, బీదవారిచేత కారు బాడుగ ఎందుకు పెట్టించితివి?" అని అడిగినా డనుకొందము. "అయ్యా, యంత్రము బిడ్డను గూర్చి చెప్పినది, వాగును గూర్చి దానికి తెలియదు. ఆ సంగతి నాకు తెలియును, మీకు తెలియును" అని ఆమె జవాబు.

వృత్తి యనగా ఇదియే. నియమమును ఎరిగియుండి, ఎదుటనున్న మనిషికి దానిని అన్వయించుట. మరునాటికి బిడ్డ చక్కగా కోలుకొన్నచో "అనవసరముగ పంపినది" అని ఊరు నవ్వవచ్చును. పంపకుండ ఏదైన కీడు జరిగినచో "యంత్రమును నమ్మి కూర్చున్నది, ఈమె కండ్లేమైనవి?" అని ఊరు నిందించును. ఇటు నుయ్యి, అటు గొయ్యి. ఈ స్థితిలో పంచాయతీ ఆమె ప్రక్క నిలువనిచో, మరునాటినుండి ఆమె తన కన్నును నమ్మదు. తనను తాను కాపాడుకొనుటకై యంత్రము చెప్పినదే చేయును. అట్లు ఊరు తన నర్సమ్మను తానే పోగొట్టుకొనును.

దీనికి మరియొక వైపు కూడ కలదు. యంత్రము వద్దన్నను జాగ్రత్త కొరకు పంపుట వేరు. యంత్రము పంపుమన్నను పంపకుండుట వేరు. రెండవ సందర్భమున కార్యకర్త తన అభిప్రాయము నొక్కదానినే నమ్మక, వైద్యుని అడుగవలెను. అనుభవము కూడ తప్పు పడును. వివేచన యనగా మొండితనము కాదు.

బాధ్యత ఎవరిది?

2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శక సూత్రములు ఈ విషయమున స్పష్టముగా నున్నవి. కృత్రిమ మేధతో పనిచేయు ఏర్పాటు రోగికి తానే సలహా చెప్పుటకు గాని, మందు వ్రాయుటకు గాని వీలులేదు. అది వైద్యునికి తోడ్పడవచ్చును. తుది సలహాయు మందు చీటియు నమోదైన వైద్యునివే కావలెను. నర్సమ్మగాని, ఆశా కార్యకర్తగాని తమకు అనుమతించిన పరిధిలోనే మందిత్తురు. ఆ పరిధిని ట్యాబ్ పెంచదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన సూత్రములలో సైతము మనుష్యుని స్వతంత్ర నిర్ణయమును కాపాడవలెననునది ఒకటి.

నిర్ణయము మనిషిదైనప్పుడు నిర్ణయించుటకు కావలసిన వెసులుబాటును కూడ మనిషికీయవలెను. అధికారము యంత్రమునకు, నింద మనిషికి అను పద్ధతి న్యాయము కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఉపకేంద్ర స్థాయిలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములకు జన ఆరోగ్య సమితులు కలవు. కేంద్రమున్న గ్రామ సర్పంచి దానికి అధ్యక్షుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘములును కలవు. ఈ వేదికలపై సభ్యులు ఈ క్రింది విషయములను చర్చించుట మేలు.

1. కార్యకర్తను పిలిచి, ఆ సాధనము ఏమి చేయునో సమావేశములో చూపుమని కోరవలెను. ఆమె నోట వివరింపబడినప్పుడు, యంత్రము ఆమె పనిముట్టు అని ఊరికి తెలియును.

2. ఊపిరి లెక్కించు గడియారము, రక్తపు పోటు పరికరము, తూకము సరిగా పనిచేయుచున్నవో లేదో విచారించవలెను. తప్పు కొలతనుండి సరియైన సలహా పుట్టదు.

3. విద్యుత్తు, సెల్ ఫోను సంకేతము లేని వేళ ఏమి చేయుదురో ముందే అడిగి తెలిసికొనవలెను. కాగితపు పుస్తకము, పట్టిక బల్లమీద ఉండవలెను. నెలకొకనాడైనను ట్యాబ్ చూడకమునుపు తన నిర్ణయమును వ్రాసికొని, పిదప సరిపోల్చుకొను అలవాటు చేతి నేర్పును కాపాడును.

4. కార్యకర్త యంత్రపు సలహాకు భిన్నముగా నడచినప్పుడు, కారణము నొక వాక్యములో రిజిస్టరునందు వ్రాయుటకు వీలుండవలెను. అట్టివానిని నెలకొకసారి వైద్యునితో కూర్చుండి చూచినచో, కొన్నిట కార్యకర్త నేర్చుకొనును. కొన్నిట సాధనము తయారుచేసినవారు నేర్చుకొనవలసియుండును.

5. నమోదుల సంఖ్య నొక్కదానినే చూచి పనిని తూచరాదు. గుర్తించిన రోగులలో ఎందరు వైద్యుని చేరిరి, ఎందరికి మందులందినవి అని అడుగవలెను. మందులు లేనిచో ఆ మాటను పైఅధికారులకు వ్రాయుట పంచాయతీ పని.

6. రోగి వివరములు రోగివి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును ఆమోదించినది. ఎవరికి చక్కెర వ్యాధి, ఎవరికి గర్భము అను సంగతులను సభ్యులు గాని, ఇతరులు గాని తెరమీద చూడగోరరాదు.

7. ఊరిలో మాట జాగ్రత్తగా నుండవలెను. "యంత్రము చెప్పినది" అనుటకు మారుగా "నర్సమ్మ చూచి చెప్పినది" అనుట అలవరచుకొనవలెను. మాట చిన్నది, దాని బలము పెద్దది.

నాగలి మారినది, ట్రాక్టరు వచ్చినది. అయినను ఏ చేనిలో ఏ అదనున విత్తవలెనో రైతే నిర్ణయించును. విత్తనము మొలవనినాడు మనము ట్రాక్టరును నిందింపము; మొలచిననాడు ట్రాక్టరునకు దండ వేయము. ఆరోగ్య కార్యకర్త విషయమునను ఇదే నీతిని పాటించుట న్యాయము. మంచి సాధనమును కాదనవలదు; అది బిడ్డల ప్రాణములను కాపాడగలదు. అయితే దాని వెనుక నిలిచి ఊపిరులు లెక్కించు మనిషిని, వాగు పొంగునని ఎరిగిన మనిషిని మరువవలదు. రాబోవు సమావేశమున మీ నర్సమ్మకును, ఆశా కార్యకర్తలకును పది నిమిషములు ప్రత్యేకించి, "ఈ ట్యాబ్ మీ పనికి తోడ్పడుచున్నదా, అడ్డుపడుచున్నదా?" అని అడుగుడు. వారు చెప్పు జవాబునుండియే మీ గ్రామమున చేయదగిన మొదటి పని తెలియగలదు.